మూలగదికి వెళ్ళిన కాగితం

ముప్పై ఒక్క ఏళ్ళ తెలుగు టీచరు ఉద్యోగంలో నేను రాసినదాన్ని ఇంకొకరు ఎర్రసిరాతో దిద్దడం ఆ వేసవిలోనే మొదటిసారి. దిద్దింది నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. క్లాసులో అందరూ దాన్ని ఎందుకమ్మ అనేవారు. పద్యం చెప్పినా ఎందుకనేది, సెలవిచ్చినా ఎందుకనేది. ఇప్పుడు ప్రసూతి ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు. పొడుగాటి వరండాకు కుడి చివరన ఉన్న మూలగది ఆమెది.

బడికి సెలవులిచ్చిన మర్నాడే మా ఇంటికి వచ్చి నా చేతిలో రెండు కాగితాలు పెట్టింది. ఇంగ్లీషులో పది ప్రశ్నలు. కాన్పుకు ముందూ తర్వాతా ఆడవాళ్ళను పట్టుకునే దిగులును పసిగట్టడానికి ఎవరో ఎక్కడో తయారుచేసినవి. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందని అడుగుతాయి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, వాటికి సున్నా నుంచి మూడు దాకా అంకెలు. మొత్తం కూడితే వచ్చే అంకె ఒక గీత దాటితే ఆ మనిషిని డాక్టరు పిలిచి మాట్లాడాలి.

"వీటిని తెలుగులో పెట్టాలి మేడం. పెట్టాక, తెలుగులో కూడా అదే పని చేస్తున్నాయో లేదో తేల్చుకోవాలి. మీ సెలవులు అయిపోయేలోపల."

"మీ ఆసుపత్రిలో తెలుగు వచ్చినవాళ్ళే లేరా?"

"ఉన్నారు. వాళ్ళు రాస్తే మందుచీటీలా ఉంటుంది. పైగా..." అని ఆగిపోయింది.

"పైగా?"

"పైగా ఏం లేదు. మీ చేతిరాత బాగుంటుంది."

అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల చెవి తమ్మె పట్టుకుంటుంది. పదో తరగతిలోనూ అంతే.

నా కూతురు పోయి అప్పటికి పధ్నాలుగు నెలలు. పోయేనాటికి దాని బాబుకు రెండు నెలలు. జ్వరమని అందరికీ చెప్పాం. జరిగింది జరిగినట్టు తెలిసిన బయటివాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఎందుకమ్మ ఒకతె. బాబు వాళ్ళ నాన్న దగ్గర, వేరే ఊళ్ళో పెరుగుతున్నాడు.

నేను కాగితాలు తీసుకున్నాను. ఏమీ చెయ్యకుండా వేసవి గడపడం కంటే ఏదో ఒకటి రాయడం నయమనిపించింది.

మా ఇంట్లో అప్పుడు మావారు, నేను, కొడుకు, కోడలు, ఐదు వారాల మనవరాలు. కూతురి మాట ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తకపోవడం ఇంట్లో ఒక క్రమశిక్షణలా సాగిపోయింది. పాపను చూడవచ్చినవాళ్ళకు మాతోపాటే ఇబ్బంది. గుమ్మం దగ్గర పరామర్శ ముఖం, ఉయ్యాల దగ్గర సంతోషపు ముఖం. మూడడుగుల దూరంలో ముఖం మార్చుకోవడం అందరికీ చేతకాదు. కొందరు ఉయ్యాల దగ్గర నిట్టూర్చి, గుమ్మం దగ్గర నవ్వి వెళ్ళిపోయేవారు.

కోడలు మాత్రం ఎవరికీ ఇబ్బంది కలిగించేది కాదు. పాప గుడ్డలు ఉతికి, ఆరేసి, నోటుపుస్తకాల్లా అంచుకు అంచు కలిపి మడిచి దొంతర పెట్టేది. ఎలా ఉన్నావమ్మా అంటే, "బాగానే ఉన్నానత్తయ్యా" అనేది. రోజూ అదే మాట, అదే గొంతు. చూసినవాళ్ళంతా, ఇంత నెమ్మదైన కోడలు దొరకడం మీ అదృష్టం అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. పాపను ఎత్తుకోవడం మాత్రం నాకు చేతకాలేదు. చేతులు చాచబోయేసరికి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

పది ప్రశ్నలనూ ఐదు రోజుల్లో రాశాను. ఒక్క అక్షరదోషం లేదు. పది వాక్యాలూ పాఠ్యపుస్తకంలో అచ్చువెయ్యదగ్గట్టు ఉన్నాయి.

ఆ పనికొక పద్ధతి ఉంది. నా తెలుగును, అసలు కాగితం చూడని మనిషొకరు మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పాలి. తిప్పినది అసలుతో సరిపోతే నా రాత సరైనట్టు. అందుకు అవతలి బడి ఇంగ్లీషు మాస్టారిని పిలిచారు. ఆయన తన కాగితాలతో మూలగదికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"టీచరుగారూ, తొమ్మిది ప్రశ్నల దాకా సాఫీగా వచ్చేశాను. మధ్యలో రెండు మూడింటికి నేనే జవాబు చెప్పుకున్నాను కూడా. పదోదే అంతు చిక్కలేదండీ. ఇదేమన్నా మఠంలో చేరడానికి దరఖాస్తా?"

నా పదో ప్రశ్న ఇది: ఈ ఏడు దినములలో మీకు జీవితము పట్ల విముఖత కలిగినదా?

డాక్టరు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, మార్జిన్‌లో ఒకే మాట రాసింది. ఎందుకు?

మాస్టారు వెళ్ళాక అంది. "ఇంగ్లీషులో సూటిగా ఉంది మేడం. తన ప్రాణానికి తను హాని చేసుకోవాలనిపించిందా అని అడుగుతోంది. మీది పక్క సందులోంచి పోతోంది."

"కొత్తగా బిడ్డను కన్న మనిషిని మొహం మీద అలా అడుగుతామా?"

"అడుగుతాం."

"లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదూ?"

"కాదు. ఎంతోమందిని అడిగి చూశాకే చెప్తున్నారు. లేనివాళ్ళు లేదని చక్కా పోతారు. ఉన్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుంది."

ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు దాన్నే తిరగరాశాను. పన్నెండు రకాలుగా రాశాను. పన్నెండూ పక్క సందులోంచే పోయాయి. నాలుగో రోజున ఆ పన్నెండింటి ముందు కూర్చుంటే, పోయిన ఏడాది కూతురు ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. "నాకేమీ బాగోవట్లేదమ్మా" అంది. "కొత్తలో అందరికీ అంతేనే, నిద్ర చాలక. బాబు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అన్నాను. మంచి సలహానే. ఇంకేమీ అడగలేదు. పదో ప్రశ్నను మొదట రాసినట్టే ఉంచి డాక్టరుకు ఇచ్చేశాను.

"సరే. ముందు ఇరవైమంది మీద చూద్దాం. మీ వాక్యం సంగతి వాళ్ళే చెప్తారు" అంది.

వరండా మధ్యలో ఒక చిన్న గది ఇచ్చారు. బల్ల, బల్లకు ఇటు నేను, అటు ఒక తల్లి. చదువుకోగలిగినవాళ్ళు చదివి గుర్తు పెట్టేవారు. మిగతావాళ్ళకు నేను చదివి వినిపించేదాన్ని. స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి, కామా దగ్గర ఆగి చదివేదాన్ని.

ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతె చేతులు కట్టుకుని నిటారుగా కూర్చుని పదింటికీ టకటకా జవాబు చెప్పింది. నేను కలం మూయగానే ముందుకు వంగింది.

"అన్నీ కరెక్టేనా మేడం?"

"ఇందులో తప్పొప్పులు లేవమ్మా."

"అయినా చెప్పండి, ఎన్నొచ్చాయి?"

"సున్నా."

పిల్ల ముఖం మాడిపోయింది. "ఒక్కటి కూడా రాలేదా?"

రెండు వారాల్లో ఇరవైమంది అయ్యారు. పదహారు సున్నాలు, మూడు ఒకట్లు, ఒక రెండు. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి బల్లమీద పెట్టింది.

"ఇరవైమందిలో ఒక్కరికీ దిగులు లేదంటే ఇది ప్రసూతి ఆసుపత్రి కాదు మేడం, స్వర్గం."

గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తింది. ఆ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. మోకాళ్ళు వంగవు, నోరు ఆగదు.

"నేనొకటి చెప్పొచ్చా? ఎన్నొచ్చాయని అడిగిందే ఆ పిల్ల, మీ దగ్గరికి వచ్చేముందు మెట్ల కింద కూర్చుని ఒకటే ఏడుపు. నేనే మంచినీళ్ళిచ్చాను. మొహం కడుక్కుని మీ ముందుకొచ్చి సున్నా తెచ్చుకుపోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడుగుతుంటే ఒప్పజెప్పాలనిపిస్తుంది టీచరమ్మా. బయట నిలబడి వింటున్న నాకే దడ పుట్టింది. నేను కని ముప్పై ఏళ్ళయింది."

డాక్టరు నవ్వేసింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక కాసేపు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవైమంది ఆడవాళ్ళు నా ముందు మంచి మార్కులు తెచ్చుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ మార్కుల కింద ఏముందో నేను చూడలేదు. జీవితమంతా పిల్లల ముఖాలు చదివానని అనుకునేదాన్ని.

ఆ మర్నాడే బల్ల తీయించేశారు. గోడవారగా బెంచీ ఒకటి వేసి, అడగడం ఆయమ్మకు అప్పగించారు. ఆమె చదువు ఐదో తరగతి దాకానే. వేలు పెట్టి చదువుతుంది. కానీ ఆమె అడిగితే ఆ సంగతి నిజంగా తెలుసుకుందామని అడిగినట్టుంటుంది. ముఖాముఖి కాదు, పక్కన కూర్చుని, ఎదుటి గోడవైపు చూస్తూ అడుగుతుంది. మొదట బిడ్డ పాలు సరిగ్గా తాగుతోందా, ఏ వేళకు నిద్రలేపుతోంది అని మొదలుపెట్టి మెల్లగా కాగితంలోకి వస్తుంది.

అలవాటు కోసం ముందుగా మాకు చదివి వినిపించింది. తొమ్మిది ప్రశ్నల్లోనూ నా పాఠ్యపుస్తకం మాటలు తగిలినచోటల్లా ఆగింది. ఆగిన ప్రతిచోటా నేను మార్చాను. 'దినములు' రోజులయ్యాయి, 'మీరు' పోయి 'నేను' వచ్చింది. పదోదాని దగ్గర వేలు కదల్లేదు.

"ఇదేంటో నాకు తెలియలేదు."

"జీవితం మీద..." అని మొదలుపెట్టాను.

"చచ్చిపోవాలనిపించిందా అనేనా?"

అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అంది.

"అదే" అంది డాక్టరు.

"మరి అదే రాయొచ్చుగా టీచరమ్మా. ఆ మాట అందరికీ వచ్చు."

ఆ మధ్యాహ్నం ఖాళీ గదిలో కూర్చుని రాశాను. ఈ ఏడు రోజుల్లో నాకు చచ్చిపోవాలని గానీ, నన్ను నేను ఏమైనా చేసుకోవాలని గానీ అనిపించింది. కింద నాలుగు జవాబులు: చాలాసార్లు, అప్పుడప్పుడు, ఎప్పుడో ఒకసారి, ఎప్పుడూ లేదు. ఒక్క వాక్యం. దానికి ఒక పూట పట్టింది. రాశాక ఇంగ్లీషు మాస్టారికి పంపితే, ఈసారి ఆయన ఛలోక్తి ఏమీ లేకుండా తిప్పి పంపారు. అసలుతో సరిపోయింది.

ఇక అసలు పని మొదలైంది. టీకాల వరుసలో ప్రతి మూడో తల్లినీ ఆయమ్మ అడుగుతుంది, ఇష్టమైతేనే. నింపిన కాగితం మడిచి, గదికి ఎడమవైపున బీరువా దగ్గర కూర్చున్న నాకు ఇస్తుంది. దానిమీద పేరుండదు, సంఖ్య ఉంటుంది. నేను విప్పకుండా బీరువాలో వేసి తాళం పెడతాను. ఆ తల్లి ఆ వారంలోనే గురువారాలు వచ్చే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి అరగంట మాట్లాడుతుంది. ఆయనకు మా కాగితంలో ఏముందో తెలియదు. మాకు ఆయన ఏం తేల్చారో తెలియదు. చివర్న రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మా పది ప్రశ్నలకు అక్కడ పరీక్ష.

ఒక్కదానికే వేరే నియమం. పదో ప్రశ్నకు ఎవరైనా 'ఎప్పుడూ లేదు' అని కాక ఇంకేం చెప్పినా, ఆ కాగితం బీరువాకు రాదు. ఆ క్షణమే, ఆ మనిషితోపాటు, కుడివైపు మూలగదికి వెళ్తుంది.

మొదటి వారంలో ముప్పైమందిని అడిగితే నాలుగు కాగితాలు కుడివైపు వెళ్ళాయి. నలుగురూ నా కళ్ళముందే వరుసలో నిలబడి, పిల్లలకు టోపీలు సరిచేస్తూ, పక్కవాళ్ళతో కబుర్లాడినవాళ్ళు. వాళ్ళు మూలగదిలోకి నడిచి వెళ్ళడం చూస్తూ తాళంచెవి పట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. నేను రాసిన ఒక వాక్యం, నాకు తెలియని మనిషి లోపలికి వెళ్ళి, అంత లోతున ఉన్నదాన్ని చెయ్యిపట్టి బయటికి తెస్తోంది. భాష చెప్పి బతికినదాన్ని. భాష ఇంత పని చెయ్యగలదని నాకు తెలియదు.

ఒకరోజు బస్సు కండక్టరొకామె కాగితం తానే చదివి నింపి, బయటికొచ్చి నా ముందు నిలబడింది.

"ఇది రాసింది మీరేనంట?"

"తెలుగులో పెట్టాను, అంతే."

"మా ఇంటికెప్పుడొచ్చారు?"

"రాలేదమ్మా."

"ఊరికే భయమేసిందా అనే ఆ ఐదో ప్రశ్న మా వంటింట్లో నిలబడి రాసినట్టుంది" అంది. కాసేపు నన్నలాగే చూసి, పిల్లాణ్ణి భుజం మార్చుకుని వెళ్ళిపోయింది.

సెలవులు మొదలైన ఐదో వారంలో ఒక మంగళవారం నా కోడలు పాపను టీకాకు తెచ్చింది. పాపకు పది వారాలు. నాకు చెప్పే వచ్చింది. నేను బీరువా దగ్గరినుంచే చెయ్యి ఊపాను. ఆయమ్మ వరుస వెంట వేలు చూపిస్తూ వచ్చింది. "ఒకటి, రెండు, నువ్వు రామ్మా. ఒకటి, రెండు, నువ్వు." మూడోసారి ఆ వేలు నా కోడలి దగ్గర ఆగింది.

నేను లేచాను. "ఆయమ్మా, ఈ అమ్మాయి మా కోడలు."

"అయితే మాత్రం? మీరడగట్లేదుగా, నేనడుగుతున్నా. ఏమ్మా, పావుగంట కూర్చుంటావా? ఇష్టం లేకపోతే మానెయ్."

కోడలు నావైపు చూసింది. "మీ పనేగా అత్తయ్యా. పర్లేదు, కూర్చుంటా." పాపను నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది.

పాపను అంతసేపు ఎత్తుకోవడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఉయ్యాలలో చూసినప్పుడు ఇంత బరువుంటుందని తెలియలేదు. తల వెచ్చగా ఉంది. బీరువా తాళంచెవికి కట్టిన దారాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది. మొదట్లో నాకు ఏ బెంగా లేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే ఉంది. మా కోడలి కాగితం సున్నా వస్తుంది, ఆ అమ్మాయి అంత నెమ్మది అనుకున్నాను. పావుగంట అయింది. ఇరవై నిమిషాలయింది. పాప దారాన్ని నోట్లో పెట్టుకోబోతే విడిపించాను. అరగంట కావచ్చింది.

తలుపు తెరుచుకుంది. ముందు ఆయమ్మ వచ్చింది, చేతిలో మడిచిన కాగితం. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

ఆయమ్మ నావైపు చూడలేదు. కుడివైపు తిరిగింది. నా కోడలు ఆమె వెనకే, తల వంచుకుని నడిచింది. మోకాళ్ళు వంగని ఆయమ్మ నడకకు తగ్గట్టు తనూ మెల్లగా అడుగులు వేసింది. మూలగది తలుపు మూసుకుంది.

"మేడం, జ్వరం మందు ఎక్కడిస్తారు?" వరుసలోంచి ఎవరో అడిగారు.

"ఎడమవైపు, రెండో గది" అన్నాను.

పాప ఏడవడం మొదలుపెట్టింది. లేచి నిలబడి వరండాలో అటూ ఇటూ నడిచాను. పాత వాక్యమే ఉండి ఉంటే కోడలు ఎప్పుడూ లేదని గుర్తుపెట్టేది, కాగితం ఎడమవైపు వచ్చేది, నేను తాళం వేసి ఉండేదాన్ని. ఎన్ని అడుగులు వేసినా ఇదొక్కటే మనసులో తిరిగింది. ఏడ్చి ఏడ్చి పాప నా భుజంమీద నిద్రపోయింది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చింది. "ఏం చెప్పిందో నేను చెప్పకూడదు మేడం. తను చెప్తే వినండి. కొన్నాళ్ళు ఒంటరిగా వదలకండి. మందులు మొదలుపెట్టాం, రోజూ నేను చూస్తాను. ఇది తగ్గుతుంది." ఈసారి చెవి పట్టుకోలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి.

బస్సులో కోడలు కిటికీ పక్క కూర్చుంది. పాప నా దగ్గరే ఉంది. మూడు స్టాపులు దాటాయి.

"వదిన పోయిన ఇల్లు కదా అత్తయ్యా" అంది, బయటికి చూస్తూనే. "మీరంతా అంత దుఃఖంలో ఉంటే, పచ్చగా బిడ్డని కన్నదాన్ని, నాకేం తక్కువని ఏడుస్తాను? ఆ ఇంట్లో ఏడవడానికి నా వంతు రాదనుకున్నాను."

పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"మీరు పాపని ఎత్తుకోకపోతుంటే, అదీ నావల్లే అనుకున్నాను."

"నీవల్ల కాదు. నాకు భయం వేసింది" అన్నాను.

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. మావారితో కూడా. కోడలు తల తిప్పి నన్ను చూసి, మళ్ళీ కిటికీవైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సులో ఎవరో చూశారు. చూడనిచ్చాను.

ఆ సాయంత్రం మావారికీ కొడుక్కూ ఉన్నదున్నట్టు చెప్పాను. జ్వరమని గానీ, నీరసమని గానీ చెప్పలేదు. కొడుకు లేచి కోడలు పడుకున్న గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. మావారు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు" అన్నారు.

"పాప గుడ్డలు ఉతకండి."

ఉతికారు. ఆరేశారు. మడతపెట్టడం మాత్రం ఆయనవల్ల కాలేదు. మూడో రోజున కోడలు గదిలోంచి వచ్చి ఆ దొంతర చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటి మామయ్యా ఇది, మూట?"

"మడతే. కొంచెం వదులుగా పెట్టాను." తర్వాత నావైపు తిరిగి, "మన బుజ్జిదానివి నేను బాగానే మడిచేవాడిని కదూ?" అన్నారు.

పదిహేను నెలల తర్వాత ఆ ఇంట్లో దాని పేరు వినిపించడం అదే.

"మీరు దానివి ఒక్క గుడ్డ మడిచింది లేదు" అన్నాను.

ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలో ఇంకోలా మారింది. కోడలు వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఆ మూటలోంచి ఒక్కో గుడ్డా తీసి మడవడం మొదలుపెట్టింది. ఈసారి అంచులు కలిశాయా లేదా అని చూడలేదు.

సెలవులింకా నాలుగు రోజులున్నాయనగా మూలగదిలో లెక్క తేల్చారు. మొత్తం నూట పన్నెండుమంది తల్లులు. మా కాగితాలు ఒకవైపు, గురువారం డాక్టరు పట్టీ ఒకవైపు. ఆయన, ఎందుకమ్మ ఎదురెదురుగా కూర్చుని ఒక్కో సంఖ్యా చదువుతుంటే, నేనూ ఆయమ్మా గోడవారన నిలబడ్డాం. వైద్యం అవసరమని ఆయన అరగంట మాట్లాడి తేల్చిన తల్లులు పంతొమ్మిదిమంది. వాళ్ళలో పదిహేడుమందిని మా కాగితం ముందే గీత దాటించింది. ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడుకోని రెండు గదులు పదిహేడుసార్లు ఒకే మనిషిని చూపించాయి.

ఆయమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. "మిగతా ఇద్దరి సంగతేంటి టీచరమ్మా?"

"అదే నేనూ చూస్తున్నా" అంది ఎందుకమ్మ, తల ఎత్తకుండా. ఆ రెండు కాగితాలూ విడిగా తీసి ముందు పెట్టుకుంది. ఆ సాయంత్రమంతా ఆ రెండింటి గురించే మాట్లాడుకున్నారు. పదిహేడు గురించి ఎవరూ సంబరపడలేదు. ఆ గదిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది అదే.

బడి తెరిచే ముందురోజు మధ్యాహ్నం వెనక వసారాలో కూర్చుని హాజరు పట్టీలో పిల్లల పేర్లు రాసుకుంటున్నాను. కోడలు పాపతో వచ్చి నా పక్కన కూర్చుంది. మూడు వారాల మందులకు ముఖం కొంచెం తేరుకుంది. బాగానే ఉన్నానని అనడం మానేసింది. కొన్ని రోజులు బాగోలేదంటుంది, కొన్ని రోజులు నయమంటుంది. ఆ తేడా వినపడితే చాలు నాకు.

"అత్తయ్యా, ఒకటి అడగనా?"

"అడుగు."

"మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"ఏమని?"

"నన్నక్కడ చివర్న అడిగారే, అది."

కలం ఆపాను. "లేదు. నేను రాసినదాన్ని కదా."

"రాస్తే అడగక్కర్లేదా?"

పాపను ఒళ్ళో సర్దుకుంది. నావైపు చూడలేదు. ఎదురుగా తీగమీద ఆరుతున్న బట్టలవైపు చూస్తూ, ఆ వాక్యాన్ని ఒక్క మాటా తప్పకుండా అడిగింది. ఒక పూటంతా కూర్చుని నేనే పేర్చిన మాటలు. వందమందికి పైగా వాటిని చదివారు, విన్నారు. నన్ను నిలబెట్టి అడిగితే అవి ఇలా ఉంటాయని నాకు అప్పుడు తెలిసింది.

"ఈ ఏడు రోజుల్లో లేదు" అన్నాను.

"అంతకు ముందు?"

గాలికి తీగమీది బట్టలు కదిలాయి. చాలాసేపు పట్టింది నాకు. తను తొందరపెట్టలేదు, ఊరుకోండి అనలేదు.

"అంతకు ముందు ఉంది."

కోడలు తల ఊపింది. కాస్త జరిగి నాకు దగ్గరగా వచ్చి, "చాలాసార్లా అత్తయ్యా, అప్పుడప్పుడా?" అని అడిగింది.